సంచార్ సాథీ: పోయిన ఫోనుకన్నా కొనబోయే ఫోనుకే ఎక్కువ అక్కరకొచ్చే సేవ

కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఈ ధరలో ఏది మేలు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పేవారు దుకాణం కౌంటరు నుంచి యూట్యూబ్ దాకా కొల్లలుగా ఉన్నారు. పోయిన ఫోనును ఇంకెవరూ వాడకుండా ఆపడం ఎలా, చేతులు మారి వచ్చిన ఫోను దొంగసొత్తు కాదని తెలుసుకోవడం ఎలా, మన పేరు మీద మనకు తెలియని సిమ్‌లు ఎన్ని ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలకు మాత్రం ఆ నిపుణులెవరూ సమాధానం ఇవ్వలేరు, ఎందుకంటే ఆ వివరాలు టెలికాం కంపెనీల దగ్గరా ప్రభుత్వం దగ్గరా తప్ప మరెక్కడా ఉండవు. వాటిని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చిన సేవ సంచార్ సాథీ. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ దీనిని 2023 మే నెలలో వెబ్‌సైట్‌గా ప్రారంభించి, 2025 జనవరిలో యాప్‌ను కూడా విడుదల చేసింది. రుసుము ఏమీ లేదు. దీనిని చాలామంది ఫోను పోయినప్పుడు మాత్రమే గుర్తు చేసుకుంటారు కాని, ఇందులోని భాగాలన్నిటినీ పరిశీలించిన మీదట, పాత ఫోను కొనేవారికి ఇది చేసే మేలే అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం.

ఈ సేవకు ఆధారం సీఈఐఆర్ అనే, ఫోన్ల గుర్తింపు సంఖ్యల కేంద్ర రిజిస్టరు. 2019 సెప్టెంబరులో ముంబయిలోను, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీలోను ప్రయోగాత్మకంగా మొదలైన ఈ రిజిస్టరు దేశమంతటా అమలులోకి రావడానికి 2023 మే దాకా పట్టింది. తెలంగాణలో మాత్రం దానికి నెల ముందే, ఏప్రిల్ 19 నుంచి, పోలీసులు దీనిని ప్రయోగాత్మకంగా వాడుతూ వచ్చారు. ఇది పనిచేసే తీరు తెలియాలంటే ఐఎంఈఐ సంఖ్య గురించి కొంత తెలియాలి. ప్రతి ఫోనుకూ ఉండే ఈ 15 అంకెల సంఖ్యలో మొదటి 8 అంకెలు అది ఏ కంపెనీది, ఏ మోడలు అన్నది తెలుపుతాయి, తరువాతి 6 అంకెలు ఆ ఫోనుకు ప్రత్యేకంగా కేటాయించిన వరుస సంఖ్య, చివరిది ముందున్న పద్నాలుగు అంకెలను లెక్కగట్టి వేసే తనిఖీ అంకె. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు ఐఎంఈఐలు ఉంటాయి. ఫోను నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు ఈ సంఖ్య టెలికాం కంపెనీకి తెలుస్తుంది కనుక, సిమ్ మార్చినా, నంబరు మార్చినా, ఫోనులోని సమాచారమంతా తుడిచేసినా ఫోను గుర్తింపు మారదు. ఏదైనా ఒక ఐఎంఈఐని సీఈఐఆర్‌లో నల్లజాబితాకు ఎక్కిస్తే ఆ కబురు అన్ని టెలికాం కంపెనీలకూ చేరి, దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోనుకు సిగ్నల్ అందదు.

ఇక పాత ఫోను కొనుగోలు సంగతి. హైదరాబాదు ఆబిడ్స్ దగ్గరి జగదీశ్ మార్కెట్‌లో బేరమాడినా, ఓఎల్ఎక్స్‌లో చూసి తెలియని మనిషి దగ్గర కొన్నా, కొనేవాడికి ముందుగా కలిగే అనుమానం ఒక్కటే: రేపు ఎవరైనా ఠాణా నుంచి ఫోను చేస్తే ఏం చెప్పాలి? ఈ అనుమానం తీర్చుకోవడానికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. కొనబోయే ఫోనులో *#06# అని నొక్కగానే తెర మీద ఐఎంఈఐ కనబడుతుంది. మన ఫోనులో మెసేజ్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాలలో కే, వై, ఎం అని వరుసగా టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు పంపితే ఆ ఫోను స్థితి జవాబుగా వస్తుంది. బటన్ల ఫోను నుంచి కూడా ఈ పని చేయవచ్చు కనుక, ప్రభుత్వ డిజిటల్ సేవలలో పల్లెలోని పెద్దవాళ్లు సైతం మరొకరి సాయం లేకుండా వాడుకోగలిగిన కొద్దివాటిలో దీనిని చేర్చవచ్చు. వెబ్‌సైటులోను యాప్‌లోను ఇదే తనిఖీ చేసుకుంటే స్థితితో పాటు కంపెనీ పేరు, మోడలు పేరు కూడా కనబడతాయి; వీలున్నవారు అక్కడే చూసుకోవడం మంచిది.

మోడలు పేరు కనబడటం వల్ల ప్రయోజనం చిన్నది కాదు. చేతిలో ఉన్నది ఒక కంపెనీ ఫోనై, ఐఎంఈఐ మరో కంపెనీ పేరు చూపిస్తే, ఎవరో ఆ సంఖ్యను మార్చారని అర్థం. దొంగిలించిన ఫోనును నల్లజాబితా నుంచి తప్పించడానికి పనిచేయని పాత ఫోను ఐఎంఈఐని అందులోకి ఎక్కించడం తెలిసిన ఎత్తే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఇలా గుర్తింపు సంఖ్యను మార్చడం నేరం. మూడేళ్ల వరకు జైలు గాని, 50 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కనుక తెర మీది సంఖ్య, అట్టపెట్టె మీది సంఖ్య, బిల్లు మీది సంఖ్య ఈ మూడూ ఒకటేనా అని సరిచూసుకున్న తరువాతనే 14422కు పంపాలి. పెట్టె పోయిందని, బిల్లు ఊళ్లో ఉండిపోయిందని చెప్పే అమ్మకందారు నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆ నిజానికి తగినట్టు ధర తగ్గించమని అడిగే హక్కు కొనేవాడికి ఉంటుంది.

జవాబును చదివే తీరులోనే ఈ సేవకు కొంత లోపం ఉంది. నల్లజాబితాలో ఉన్నదనో, నకిలీ సంఖ్య అనో, ఇప్పటికే వాడుకలో ఉన్నదనో జవాబు వస్తే ఆ ఫోను కొనవద్దని అధికారిక సూచన. మొదటి రెండూ ఎవరికైనా అర్థమవుతాయి. మూడవదే తికమక పెడుతుంది. సీలు తీయని కొత్త ఫోనంటూ అమ్ముతున్న దానికి ఆ జవాబు వస్తే అది పచ్చి మోసమని వెంటనే తేలిపోతుంది. రెండేళ్లు వాడిన ఫోను వాడుకలో ఉండటంలో వింత ఏముందని పాత ఫోను కొనేవాడు అనుకోవడం సహజం. ఈ తేడాను రెండు వాక్యాలలో వివరించి ఉంటే సామాన్యుడికి ఎంతో మేలు జరిగేది. ఇప్పుడున్న స్థితిలో అనుమానం వచ్చినప్పుడు బేరం వదులుకోవడమే క్షేమం.

ఈ తనిఖీ చెప్పలేనివి కూడా కొన్ని ఉన్నాయి. ఇవాళ మంచిదని తేలిన ఫోనుపై దాని అసలు యజమాని రేపు ఫిర్యాదు చేస్తే ఎల్లుండికి అది మూగబోవచ్చు, ఎందుకంటే రిజిస్టరుకు తెలిసేది ఫిర్యాదు అందిన తరువాతనే. అందుచేత అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు, తారీఖుతో సంతకం పెట్టిన కాగితం తీసుకోవడం తప్పనిసరి. ఫోను వాయిదాల మీద కొన్నదై, కంతులు ఆగితే లాక్ పడేలా రుణమిచ్చిన సంస్థ ఏర్పాటు చేసి ఉంటే ఆ విషయం ఈ రిజిస్టరుకు తెలియదు. పాత యజమాని గూగుల్ ఖాతా గాని, ఐఫోన్ అయితే ఐక్లౌడ్ ఖాతా గాని అందులోనే ఉండిపోతే, రీసెట్ చేసిన తరువాత ఆ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ ఫోను తెరుచుకోకుండా ఆగిపోతుంది. ఐఎంఈఐ తనిఖీలో మాత్రం అది నిక్షేపంగా ఉన్నట్టే కనబడుతుంది. డబ్బు చేతులు మారకముందే అమ్మేవారి చేత ఖాతాలు తీయించి, కళ్ల ముందే రీసెట్ చేయించి, తిరిగి తెరిపించి చూసుకోవాలి.

అందరికీ తెలిసిన సేవ, పోయిన ఫోనును బ్లాక్ చేయించడం, దీని కన్నా క్లిష్టమైనది. వెబ్‌సైటులోని ఫారం నింపాలంటే పోయిన ఫోను ఐఎంఈఐలు రెండూ, ఉంటే కొన్న బిల్లు, పోగొట్టుకున్న చోటు, తేదీ, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య, ఆ ఫిర్యాదు నకలు, యజమాని గుర్తింపు కార్డు కావాలి. పోలీసు ఫిర్యాదు లేకుండా పని జరగదా అని చాలామంది అడుగుతారు; జరగదు. జరగకపోవడమే న్యాయం కూడా, లేకపోతే ఫోను అమ్మి డబ్బు తీసుకున్నవాడే మర్నాడు దానిని పోయిందని రాసి కొన్నవాడి నోట మన్ను కొట్టగలడు. ఐఎంఈఐ ఎక్కడా రాసి పెట్టుకోలేదు, పెట్టె పారేశాము అనేవారికి ఒక దారి ఉంది: ఆండ్రాయిడ్ ఫోనైతే మరో ఫోనులో గాని కంప్యూటరులో గాని అదే గూగుల్ ఖాతాతో, పోయిన ఫోనును వెతికిపెట్టే గూగుల్ సేవ ఫైండ్ హబ్ తెరిస్తే పోయిన ఫోను వివరాల దగ్గర ఐఎంఈఐ కనబడుతుంది.

అసలు ఇబ్బంది ఓటీపీ దగ్గర వస్తుంది. ఫారం నింపేవారు పోయిన నంబరుకే డూప్లికేట్ సిమ్ తీసుకుని, దానికి వచ్చే ఓటీపీతో అభ్యర్థనను ధ్రువీకరించాలి. ఇలా తిరిగి ఇచ్చిన సిమ్‌కు ఎస్ఎంఎస్ సదుపాయం మొదలయ్యేది 24 గంటల తరువాతనే. మన నంబరుకు మరొకడు సిమ్ తీసుకునే సిమ్ మార్పిడి మోసాలను అరికట్టడానికి పెట్టిన ఈ నిబంధన మంచిదే అయినా, ఇక్కడ దాని భారమంతా ఫోను పోగొట్టుకున్నవాడి మీద పడుతోంది. ఠాణాకు వెళ్లడం, సిమ్ కోసం టెలికాం దుకాణానికి వెళ్లడం, ఎస్ఎంఎస్ కోసం ఒక రోజు వేచి ఉండటం, అభ్యర్థన ఇచ్చాక బ్లాక్ కావడానికి మరో రోజు వరకు పట్టడం, ఇవన్నీ కలిపితే దొంగకు ఎంత వ్యవధి దొరుకుతుందో చెప్పనక్కరలేదు. ఠాణాలోనే సిబ్బంది ఐఎంఈఐ వివరాలను సీఈఐఆర్‌లో నమోదు చేసే పద్ధతి కూడా ఉంది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకుంటే ఈ తిరుగుడు కొంత తగ్గవచ్చు. ఫిర్యాదు దశలోనే, నంబరుతో సంబంధం లేకుండా, గుర్తింపు ధ్రువీకరణ మీద తాత్కాలికంగా బ్లాక్ చేసే వీలు కల్పిస్తే ఈ సేవ విలువ రెట్టింపయ్యేది.

అభ్యర్థన నమోదయ్యాక ఒక రిక్వెస్ట్ ఐడీ ఇస్తారు. దానిని భద్రపరచుకోవాలి, స్థితి తెలుసుకోవాలన్నా, ఫోను దొరికాక బ్లాక్ తీయించాలన్నా అదే ఆధారం. బ్లాకైన ఫోనులో ఎవరైనా సిమ్ వేస్తే ఆ సమాచారం ఫిర్యాదు నమోదైన ఠాణాకు చేరుతుంది, ఫిర్యాదుదారుకూ సందేశం వస్తుంది. ఫోను ఎక్కడుందో మ్యాపు మీద చూపిస్తారని ఆశపడేవారు నిరాశ చెందుతారు. ఆ నంబరు ఎవరిది, ఎక్కడ ఉన్నది అన్న వివరాలతో ఫోనును రాబట్టే పని పోలీసులది. కనుక ఈ సేవలో చివరి మెట్టు పూర్తిగా ఆ ఠాణా సిబ్బంది శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో తెలంగాణ రికార్డు మెచ్చదగినది. 2025 అక్టోబరు ఒక్క నెలలోనే దేశవ్యాప్తంగా 50 వేలకు పైగా ఫోన్లు యజమానులకు తిరిగి అందాయని, మొత్తం సంఖ్య 7 లక్షలు దాటిందని, లక్షకు పైగా ఫోన్లు రాబట్టిన కర్ణాటక, తెలంగాణ అన్నిటికన్నా ముందున్నాయని కేంద్రం ప్రకటించింది. అయితే జాడ తెలిసిన ఫోన్ల సంఖ్యతో పోలిస్తే చేతికి అందినవి చాలా తక్కువ. మరో రాష్ట్రంలోని చిన్న ఊరిలో జాడ తెలిసినంత మాత్రాన, పది పన్నెండు వేల రూపాయల ఫోను కోసం అక్కడికి మనిషిని పంపడం ఏ ఠాణాకైనా తేలిక కాదు.

దొరికిన ఫోను విషయంలో చాలామంది మరిచిపోయే మెట్టు ఒకటుంది. ఇంట్లో సోఫా సందులోనే దొరికినా, పోలీసులు పిలిచి ఇచ్చినా, బ్లాక్ తీయమని అభ్యర్థన పెట్టేదాకా ఆ ఫోను వైఫైతో ఆడుకోవడానికి తప్ప మాట్లాడటానికి పనికిరాదు. దొరికిందని పోలీసులకు తెలిపి, రిక్వెస్ట్ ఐడీతో వెబ్‌సైటులో ఆ పని పూర్తి చేయాలి.

వైఫై మాట వచ్చింది కాబట్టి, బ్లాక్ చేయడం వల్ల జరగనివేమిటో కూడా చెప్పుకోవాలి. బ్లాకైన ఫోనుకు టవరు సిగ్నల్ మాత్రమే ఆగుతుంది. వైఫై పనిచేస్తూనే ఉంటుంది, అందులోని ఫోటోలు, మెయిళ్లు, బ్యాంకు యాప్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫోనును విడదీసి తెర, బోర్డు, కెమెరా విడిభాగాలుగా అమ్ముకునేవాడిని ఈ రిజిస్టరు ఆపలేదు, దేశం దాటించినవాడినీ ఆపలేదు. అంచేత వరుస ముఖ్యం. ముందుగా టెలికాం కంపెనీకి చెప్పి సిమ్ ఆపించాలి, ఎందుకంటే సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకున్నవాడికి మన ఓటీపీలన్నీ అందుతాయి. వెంటనే బ్యాంకుకు తెలిపి యూపీఐ ఆపించాలి, ఫైండ్ హబ్ నుంచి గాని ఐక్లౌడ్ నుంచి గాని ఫోనుకు లాక్ వేయాలి. ఆ తరువాతనే ఠాణా, డూప్లికేట్ సిమ్, సీఈఐఆర్. సిమ్‌కు ముందుగానే పిన్ పెట్టుకున్నవారికి మొదటి గండం చాలావరకు తప్పుతుంది. ఫోనుకు పిన్ పెట్టుకునేవారిలో సిమ్‌కు కూడా పెట్టుకునేవారు అరుదు.

మన పేరు మీద ఉన్న కనెక్షన్లు చూపించే భాగం తెలుగువారికి పాత పరిచయమే. టాఫ్‌కాప్ అన్న పేరుతో 2021 ఏప్రిల్‌లో విజయవాడ కేంద్రంగా తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారుల కోసమే దీనిని తెచ్చారు, ఆ తరువాతనే మిగతా దేశానికి విస్తరించింది. నంబరు వేసి, ఓటీపీ ఇస్తే, అదే వ్యక్తి పేరు మీద ఉన్న నంబర్లన్నీ, కొన్ని అంకెలు మరుగుపరచి, వరుసగా కనబడతాయి. ఒక్కొక్కదాని పక్కన నాది కాదు, ఇక అక్కరలేదు, కావాలి అన్న మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ఒక వ్యక్తి పేరు మీద ఉండగల సిమ్‌ల గరిష్ఠ పరిమితి 9, జమ్మూ కశ్మీర్, అసోం, ఈశాన్య రాష్ట్రాలలో 6. ఈ భాగం పొందికగా, మాటలు తక్కువగా, చెప్పిన పని చేసేలా ఉంది. నాది కాదని నొక్కేముందు ఇంట్లోవారిని ఒకమాట అడగడం మంచిది, ఎప్పుడో అమ్మమ్మకు మనవడి పేరు మీద తీసి ఇచ్చిన సిమ్ కూడా ఆ జాబితాలో ఉంటుంది.

చక్షు అన్న భాగం 2024 మార్చిలో చేరింది. మోసపు కాల్స్, ఎస్ఎంఎస్‌లు, వాట్సాప్ సందేశాల గురించి, అవి వచ్చిన 30 రోజులలోపు, ఇక్కడ తెలియజేయవచ్చు. దీనిని చాలామంది పోయిన డబ్బు రాబట్టే సేవ అనుకుంటారు. అది కాదు. డబ్బు పోయినవారు ఇక్కడ ఫారం నింపుతూ కూర్చుంటే విలువైన సమయం వృథా అవుతుంది. వారు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. మోసగాడి వలలో పడకుండా బయటపడినవారు, తరువాతివాడు పడకూడదని చెప్పుకోవడానికి ఉన్న చోటు ఇది.

యాప్ వేసుకోవాలా, వెబ్‌సైటు చాలా? 2025 నవంబరు 28న టెలికమ్యూనికేషన్ల శాఖ, ఇకపై అమ్మే ఫోన్లన్నిటిలోను ఈ యాప్‌ను ముందుగానే వేసి ఇవ్వాలని తయారీదారులను ఆదేశించింది. నిఘాకు దారి తీస్తుందన్న విమర్శలు పార్లమెంటు లోపలా బయటా రేగడంతో డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకుంది. అప్పటికి 1.4 కోట్ల మంది దీనిని డౌన్‌లోడ్ చేసుకున్నారని ఆనాడు ప్రభుత్వమే తెలిపింది. ఆండ్రాయిడ్‌లో ఈ యాప్ కాల్స్, ఎస్ఎంఎస్ లాగ్‌లు, ఫోటోలు, కెమెరా వంటి వాటికి అనుమతులు అడుగుతుంది; ఐఫోన్‌లో అడిగేవి అంతకంటే తక్కువ. అనుమానాస్పద కాల్‌ను జాబితా నుంచి నేరుగా ఎంచి ఫిర్యాదు చేయడానికి కాల్ లాగ్ అవసరమన్న వాదనలో అర్థం ఉంది. అయినా, ఏడాదికి ఒకటి రెండు సార్లు పాత ఫోను తనిఖీకో, సిమ్‌ల లెక్కకో పనికొచ్చే సేవ కోసం ఇన్ని అనుమతులతో యాప్‌ను ఫోనులో శాశ్వతంగా ఉంచుకోవలసిన అగత్యం నాకు కనబడలేదు. రోజూ మోసపు కాల్స్ వచ్చి, వాటిని ఓపికగా తెలియజేసేవారికి యాప్ సౌకర్యం. మిగిలినవారికి వెబ్‌సైటు, 14422 చాలు. పోయిన ఫోనులోనే యాప్ ఉండటం వల్ల ఫోను పోయిన రోజున ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదన్నది కూడా గమనించాలి.

2025 అక్టోబరులో సవరించిన టెలికాం సైబర్ భద్రతా నియమాలు, వాడిన ఫోన్ల వ్యాపారం చేసేవారు అమ్మకానికో కొనుగోలుకో ముందు ఐఎంఈఐని ప్రభుత్వ జాబితాతో సరిచూడాలన్నాయి. ఈ బాధ్యత ఇన్నాళ్లూ కొనేవాడి మీదే ఉండేది. దుకాణంలో పాత ఫోను తీసుకునేవారు ఇకమీదట బిల్లు మీద ఐఎంఈఐ రాయించుకోవడంతో పాటు, ఆ తనిఖీ చేసినట్టు కూడా రాసి ఇమ్మని అడగవచ్చు. దుకాణదారు తటపటాయిస్తే అక్కడే నిలబడి 14422కు మెసేజ్ పంపి, జవాబు వచ్చాకే పర్సు తీయండి.